ర్యాంకెడ్ మ్యాచ్‌లో టాక్సిక్ ప్లేయర్ తగిలితే: తరచుగా అడిగే ప్రశ్నలు

ముంబై సర్వర్‌లో సోలోగా క్యూ కొట్టి (ఒంటరిగా చేరి, తెలియనివాళ్ళతో టీమ్ పడి) వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2, బీజీఎంఐ లాంటి ఆన్‌లైన్ గేమ్‌లు ఆడేవాళ్ళకు ఎక్కువగా ఎదురయ్యే సందర్భాలివి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మెనూల్లో ఒకటీ అరా అటూ ఇటూ జరుగుతుంటాయి. బటన్ చెప్పిన చోట లేకపోతే దాని పక్క ట్యాబ్‌లో చూడండి.

అసలు ఎవరిని టాక్సిక్ అనాలి? ఆట రానివాడిని కూడా అనొచ్చా?

అనకూడదు. 3 కిల్స్, 15 డెత్స్‌తో ఉన్నవాడు ఆ రోజు బాగా ఆడలేదు, అంతే. దానికి రిపోర్ట్ కొడితే మీ టైమే వృథా. రిపోర్ట్ చేయదగినవి నాలుగు రకాలు: నోటితోనో టైపింగ్‌తోనో తిట్టడం, కావాలని ఆట చెడగొట్టడం, మధ్యలో వదిలి పోవడం, చీటింగ్. ఈ తేడా తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే ఒక్కో రకాన్ని చూసే వ్యవస్థ వేరు. ఎయిమ్‌బాట్ (తనంతట తానే గురిపెట్టే చీట్) అనుమానం వాన్‌గార్డ్, వ్యాక్ లాంటి యాంటీ-చీట్‌ల పని. తిట్ల సంగతి చాట్, వాయిస్ పరిశీలనకు వెళ్తుంది. తిట్టినవాడిని కోపంలో చీటర్ అని రిపోర్ట్ చేస్తే, అక్కడ చీట్ ఏదీ దొరకదు. వాడు తిట్టిన తిట్టు ఎవరూ చూడరు.

ఇంకో సంగతి. వాలరెంట్ తయారుచేసిన రయట్ గేమ్స్‌లో ప్లేయర్ల ప్రవర్తనపై పనిచేసిన జెఫ్రీ లిన్ 2015లో ఒక లెక్క చెప్పారు: లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో వాళ్ళు చూసిన చెడు ప్రవర్తనలో 87 శాతం, మామూలుగా బాగానే ఉండే ప్లేయర్లు ఏదో ఒక రోజు చిరాకులో ఉండి చేసిందేనట. రోజూ తిట్టడమే పనిగా పెట్టుకున్నవాళ్ళ వాటా చాలా తక్కువ. అందుకే మొదటి రౌండ్లలో ఒక్క మంచి మాట పనిచేసే అవకాశం నిజంగా ఉంది. ఒక్కసారికే సుమా.

మ్యూట్ ఎప్పుడు చేయాలి? చేస్తే కాల్స్ (టీమ్‌మేట్లు మైక్‌లో చెప్పే సమాచారం) పోతాయి కదా?

ఆట గురించిన చిరాకైతే (“ఎందుకు పీక్ చేశావ్ రా”) ఒకసారి వదిలేయండి. రెండోసారి అదే గొంతు లేస్తే మ్యూట్. ఇంట్లోవాళ్ళ మీద, కులం మీద, ఆడవాళ్ళ మీద మాట వస్తే మాత్రం రెండోసారి దాకా ఆగొద్దు.

కాల్స్ పోతాయన్న భయమే చాలామందిని మ్యూట్ చేయనివ్వదు. పోయేది ఎంతో చూడండి. మీ టీమ్‌మేట్ కంటికి కనిపించిన శత్రువు మీ మినీమ్యాప్‌లో ఎర్రగా పడతాడు. ఎవరు ఎవరిని ఏ గన్‌తో చంపారో కిల్ ఫీడ్‌లో వస్తుంది. పింగ్‌లు (చోటు చూపించే గుర్తులు) వస్తూనే ఉంటాయి: వాలరెంట్‌లో డీఫాల్ట్‌గా జెడ్ కీ, కౌంటర్-స్ట్రైక్ 2లో మౌస్ మధ్య బటన్. మీరు పింగ్ చేయడం మొదలుపెడితే అవతలివాళ్ళు కూడా చేస్తారు. తిట్టేవాడి నోట్లోంచి వచ్చే సమాచారంలో ఈ మూడింటిలో లేనిది చాలా కొద్ది.

మ్యూట్ చేయకపోతే పోయేది ఏమిటో కూడా లెక్కలోకి తీసుకోండి. వాలరెంట్‌లో స్పైక్ (బాంబు) పెట్టాక 45 సెకన్లలో పేలుతుంది. డిఫ్యూజ్‌కు (దాన్ని ఆపడానికి) 7 సెకన్లు పడుతుంది, 3.5 సెకన్ల దగ్గర సగం సేవ్ అవుతుంది. మీరొక్కరే మిగిలారు, అవతల ఒకడు స్పైక్ తాకి వదిలేస్తున్నాడు. అది దొంగ ట్యాపా, నిజంగా సగం దాటించేస్తున్నాడా అన్నది చెవితోనే తేలాలి. ఆ సమయంలో చచ్చి స్పెక్టేట్ చేస్తున్నవాడు మైక్‌లో అరుస్తుంటే అడుగుల చప్పుడూ వినపడదు, ట్యాప్ చప్పుడూ వినపడదు. రౌండ్లు పోయేది ఇలాంటి చోటే.

మ్యూట్ చేసే పని బై ఫేజ్‌లో (రౌండ్ మొదలయ్యే ముందు గన్‌లు కొనుక్కునే సమయంలో) పెట్టుకోండి. వాలరెంట్‌లో మామూలు రౌండ్‌కు 30 సెకన్లు ఉంటుంది, రెండు క్లిక్‌లకు బోలెడంత సమయం. “నిన్ను మ్యూట్ చేశా” అని మాత్రం ప్రకటించకండి. నోరు మూతపడిందని తెలిసినవాడు దారికి అడ్డం నిలబడటం, మీ కళ్ళ మీదే ఫ్లాష్ వేయడం మొదలుపెడతాడు. మాటతో పోయేది ఆటలోకి వస్తుంది.

ఏ గేమ్‌లో మ్యూట్ ఎక్కడుంది?

వాలరెంట్: ఎస్కేప్ నొక్కి మ్యాచ్ ట్యాబ్‌కు వెళ్తే ప్రతి పేరు పక్కన వాయిస్‌కు ఒకటి, టెక్స్ట్‌కు ఒకటి గుర్తులుంటాయి. రెండూ విడివిడిగా ఆపొచ్చు.

కౌంటర్-స్ట్రైక్ 2: ట్యాబ్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే కర్సర్ వస్తుంది. పేరు మీద నొక్కితే మ్యూట్ కనిపిస్తుంది. గేమ్ సెట్టింగ్స్‌లోని కమ్యూనికేషన్ భాగంలో అవతలి టీమ్ మొత్తాన్ని శాశ్వతంగా మ్యూట్ చేసే ఆప్షన్ ఉంది. హాఫ్‌టైమ్‌లో అవతలివాళ్ళు అనే మాటలు మీకు ఎందుకూ పనికిరావు కాబట్టి ఇది ఆన్‌లోనే ఉంచుకోండి.

డోటా 2: స్కోర్‌బోర్డ్ తెరిస్తే పేరు పక్కన స్పీకర్ గుర్తు.

బీజీఎంఐ: మినీమ్యాప్ దగ్గర స్పీకర్, మైక్ గుర్తులుంటాయి. స్పీకర్‌ను ఆల్‌లో వదిలేస్తే దగ్గర్లో ఉన్న శత్రువుల మాటలు కూడా వినపడతాయి. టీమ్‌కు మార్చండి. రాండమ్స్‌తో (తెలియనివాళ్ళతో) ఆడుతూ టీమ్‌లోనే గొడవైతే ఆఫ్ చేసి క్విక్ చాట్ మెసేజ్‌లతో నడిపించొచ్చు.

తెలుగులోనే బూతులు టైప్ చేస్తున్నారు. ఫిల్టర్ ఒక్కటీ పట్టుకోవడం లేదు. ఎందుకు?

చాట్ ఫిల్టర్ ప్రధానంగా పదాల పట్టిక చూసి పనిచేస్తుంది. ఇంగ్లిష్ బూతు ఏ మూల నుంచి వచ్చినా పట్టికలో ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు తిట్టుకు ఒక స్పెల్లింగ్ అంటూ లేదు. ఒకడు అచ్చును రెండుసార్లు కొడతాడు, ఒకడు అక్షరం బదులు అంకె పెడతాడు, ఒకడు మధ్యలో ఖాళీ వదులుతాడు. యంత్రానికి అవన్నీ వేర్వేరు పదాలు.

మీ చేతిలో ఉన్నవి రెండు పనులు. మొదటిది, వాలరెంట్ సెట్టింగ్స్‌లో ఉన్న మ్యూటెడ్ వర్డ్స్ లిస్ట్. మాటిమాటికీ కనిపించే తిట్టును మూడు నాలుగు స్పెల్లింగ్‌లలో అందులో చేర్చండి. ఇక అవి మీ తెరమీద కనిపించవు. ఈ లిస్టుల్లోని పదాలు ఆటోమేటిక్ గుర్తింపును మెరుగుపరచడానికి కూడా పనికొస్తాయని రయట్ చెప్పింది. అంటే తెలుగు పదాలు ఎంతమంది చేరిస్తే అంత మంచిది.

రెండోది, రిపోర్ట్‌లో వివరం రాసే పెట్టె. దాన్ని ఖాళీగా వదలకండి. అది తెలుగు అని, దాని అర్థం ఇదని ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం రాయండి. కులం పేరుతో తిట్టినప్పుడు ఇది మరీ ముఖ్యం. తెలియనివాళ్ళకు ఆ మాట ఉత్త పేరులా కనిపిస్తుంది, అందులోని అవమానం వాళ్ళకు అందదు. “ఇది కుల దూషణ, ద్వేష ప్రసంగం కిందికి వస్తుంది” అని మీరు రాస్తే చదివేవాళ్ళకు దారి దొరుకుతుంది.

తిరిగి తిడితే తప్పేముంది? మొదలుపెట్టింది వాడే కదా?

చాట్ లాగ్ చూసేవాళ్ళకు ఎవరు మొదలుపెట్టారన్నది లెక్కలోకి రాదు. మీ లైన్లో బూతు ఉంటే మీకూ చాట్ బ్యాన్ పడుతుంది, అది పదే పదే జరిగితే ర్యాంకెడ్ ఆడకుండా ఆపేస్తారు. డోటా 2లో అయితే మీ కమ్యూనికేషన్ స్కోర్ తగ్గుతుంది.

వాదన కూడా వద్దు. “కూల్ అవ్వు బ్రో” అన్నా మంట పెరుగుతుందే తప్ప తగ్గదు. ఆ మాట వినగానే తను తప్పని అందరి ముందూ ఒప్పుకోమన్నట్టు అనిపిస్తుంది. దాని బదులు తర్వాతి రౌండ్ గురించి మాట్లాడండి: “సరే, ఈసారి బీ సైట్ వెళ్దాం, స్మోక్ నేను వేస్తా, నువ్వు ఎంట్రీ తీసుకో.” చేయడానికి పని దొరికితే మామూలు మనిషి చల్లబడతాడు. చల్లబడకపోతే మ్యూట్ ఉండనే ఉంది.

తిట్లు పడుతున్నది మీకు కాక ఇంకొకరికైతే “వదిలెయ్, వాళ్ళు బాగానే ఆడుతున్నారు” అని ఒక్కసారి అనండి. నలుగురూ మౌనంగా ఉంటే తిట్టేవాడు దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటాడు. పడేవాళ్ళూ అలాగే అనుకుంటారు.

రిపోర్ట్ కొడితే నిజంగా ఏమైనా అవుతుందా?

అవుతుంది, సరిగ్గా కొడితే. వాలరెంట్‌లో వాయిస్ తిట్ల సంగతే తీసుకోండి. రిపోర్ట్ వచ్చిన వాయిస్‌ను రికార్డ్ చేసి పరిశీలించడానికి వీలుగా రయట్ 2021లో తన ప్రైవసీ నోటీసు మార్చింది. మైక్‌లో ఎంత ఘోరంగా తిట్టినా, ఎవరూ రిపోర్ట్ చేయకపోతే దాన్ని విప్పిచూడటానికి కారణం ఉండదు. “ఎవరో ఒకరు చేస్తార్లే” అని ఐదుగురూ అనుకునే మ్యాచ్‌లు చాలా ఉంటాయి.

రాసేటప్పుడు మూడు ముక్కలు చాలు: ఏ రౌండ్, వాయిసా టెక్స్టా, ఏం జరిగింది. “6, 7 రౌండ్లలో వాయిస్‌లో, తెలుగులో తల్లిని తిట్టాడు” అంటే పని జరుగుతుంది. “చెత్త ప్లేయర్, బ్యాన్ చేయండి” అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఒకే మనిషిని ఒకే మ్యాచ్‌కు ఒకసారి రిపోర్ట్ చేస్తే సరిపోతుంది. మ్యాచ్ హడావిడిలో కుదరకపోతే తర్వాత కెరీర్ ట్యాబ్‌లో మ్యాచ్ తెరిచి కూడా చేయొచ్చు.

నా టీమ్‌లో పడినవాళ్ళు నలుగురూ ఒకే పార్టీ (కలిసి చేరిన గుంపు). “అందరం కలిసి రిపోర్ట్ చేస్తాం, నీ ఐడీ పోతుంది” అంటున్నారు.

పోదు. రిపోర్టుల సంఖ్య ఒక్కటే చూసి వాలరెంట్‌లో శిక్ష వేయరు. చాట్‌లో, వాయిస్‌లో తప్పు దొరకాలి. కౌంటర్-స్ట్రైక్‌లో కొంచెం వేరు: 2020 నుంచి, మిగతావాళ్ళకన్నా బాగా ఎక్కువ దూషణ రిపోర్టులు పడుతున్నవాళ్ళకు ముందు హెచ్చరిక వస్తుంది, తర్వాత వాళ్ళు కొంత ఎక్స్‌పీ (ఆడితే వచ్చే పాయింట్లు) సంపాదించేదాకా అందరికీ మ్యూట్‌లో ఉండిపోతారు. అది చాలా మ్యాచ్‌ల మొత్తం మీద తేలేది. ఒక్క రాత్రి నలుగురు పగబడితే అలా కాదు. మీరు చేయాల్సింది ఒక్కటే: ఆ మ్యాచ్‌లో మీ నుంచి ఒక్క చెడ్డ లైన్ కూడా లాగ్‌లో లేకుండా చూసుకోవడం. వాళ్ళు రెచ్చగొట్టేది దానికోసమే.

ఒకడు ఏఎఫ్‌కే అయ్యాడు (ఆట వదిలి పోయాడు). ఇంకొకడు కావాలని త్రో చేస్తున్నాడు (ఓడిస్తున్నాడు). ఏం చేయాలి?

వాలరెంట్‌లో మొదటి రౌండ్ నుంచే ఒకరు లేకపోతే, రెండో రౌండ్ బై ఫేజ్‌లో చాట్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో స్లాష్, రీమేక్ అని కొడితే ఓటింగ్ వస్తుంది. నెగ్గితే మ్యాచ్ రద్దవుతుంది, మిగతావాళ్ళ ర్యాంక్ రేటింగ్ పోదు. ఆ సమయం దాటితే ఈ దారి మూసుకుపోతుంది. చాలామంది “వస్తాడులే” అని రెండో రౌండ్ గడిపేసి, నాలుగో రౌండ్‌లో రీమేక్ కోసం వెతుకుతారు.

త్రో చేసేవాడి సంగతి కష్టం, ఎందుకంటే ఫామ్ లేకపోవడానికీ కావాలని చావడానికీ బయటి నుంచి తేడా కనిపించదు. ఖచ్చితంగా చూపించగలిగే పనులనే రిపోర్ట్‌లో రాయండి: స్పైక్ తీసుకుని స్పాన్‌లో (టీమ్ మొదలయ్యే చోట) నిలబడటం, ప్రతి రౌండ్ కత్తి పట్టుకుని ఎదురుపరుగు తీయడం, టీమ్‌మేట్ ఎక్కడున్నాడో అవతలి టీమ్‌కూ కనిపించే ఆల్ చాట్‌లో చెప్పడం. చివరిదానికి చాట్ లాగే సాక్ష్యం.

కౌంటర్-స్ట్రైక్ 2లో ఎస్కేప్ మెనూ నుంచి కిక్ ఓటు పెట్టొచ్చు. పెట్టేముందు ఆలోచించండి: కాంపిటీటివ్‌లో వెళ్ళినవాడి స్థానంలో బాట్ (కంప్యూటర్ ఆడించే ప్లేయర్) రాదు, మిగతా మ్యాచ్ నలుగురితోనే ఆడాలి. నోరు మాత్రమే చెడ్డదైతే మ్యూట్ చేసి ఐదుగురిగానే ఆడటం నయం. వెనక నుంచి కాల్చేవాడైతే కిక్ చేయడమే మేలు.

నేను అమ్మాయిని. మైక్ ఆన్ చేసిన మొదటి రౌండ్ నుంచే మొదలవుతుంది.

తప్పు మీ గొంతులో లేదు. వాయిస్ మార్చే యాప్‌లు వాడమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. మేం ఇవ్వం. గొంతు దాచుకుని ఆడటం అలసట తప్ప పరిష్కారం కాదు.

పనికొచ్చేవి ఇవి. వాలరెంట్ సెట్టింగ్స్‌లో, ప్రైవసీ కింద, పార్టీలో లేనివాళ్ళకు మీ పేరు కనిపించకుండా చేసే ఆప్షన్ ఉంది. ఆన్ చేస్తే పేరు బదులు ఏజెంట్ పేరు కనిపిస్తుంది, మ్యాచ్ అయ్యాక వెతుక్కుంటూ రావడం కష్టమవుతుంది. గేమ్ పేరు, ఇన్‌స్టా పేరు ఒకటే పెట్టుకోకండి. పూర్తిగా సోలో కాకుండా కనీసం ఒక్క నమ్మకమైన మనిషితో డ్యుయో ఆడితే చాలా తేడా ఉంటుంది, ఎందుకంటే మొదటి వెకిలి మాటకు టీమ్‌లోంచి ఇంకో గొంతు లేస్తుంది. అమ్మాయిల కోసం 2021లో మొదలైన గేమ్ ఛేంజర్స్ పోటీల చుట్టూ ఏర్పడిన సర్వర్లలో (చాట్ గ్రూపుల్లో) అలాంటి తోటివాళ్ళు దొరుకుతారు.

లైంగికంగా మాట్లాడితే జవాబివ్వకుండా క్లిప్ తీసి, రిపోర్ట్ చేయండి. మ్యాచ్ బయట కూడా వెంటపడితే అది గేమ్ విషయం కాదు, నేరం. కింద పోలీసుల ప్రశ్న చూడండి.

“నీ ఐపీ నా దగ్గరుంది, మీ ఇంటికొస్తా” అన్నాడు. రాగలడా?

ఐపీ అడ్రస్‌తో (నెట్ కనెక్షన్‌కు ఉండే నంబర్) మామూలు మనిషికి తెలిసేది మీ ఇంటర్నెట్ కంపెనీ, సుమారుగా ఊరు. అదీ చాలాసార్లు తప్పే చూపిస్తుంది. మొబైల్ డేటాలో అయితే ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లు పంచుకుంటారు. ఇంటి నంబర్ అందులో ఉండదు. పైగా ఈ గేమ్‌లలో మీరు కంపెనీ సర్వర్‌కు కనెక్ట్ అవుతారు, అవతలి ప్లేయర్‌కు నేరుగా కాదు. మ్యాచ్ ఆడినంత మాత్రాన వాడికి మీ ఐపీ కనిపించదు.

ఐపీ బయటపడేది సాధారణంగా వాడు పంపిన లింక్ నొక్కినప్పుడు. “నీ క్లిప్ ఇక్కడ పెట్టా చూడు” అని వచ్చేది నొక్కకండి. నొక్కేసి ఉంటే, నెట్ ఒక్కసారిగా కుదేలైతే, రౌటర్‌ను కొన్ని నిమిషాలు ఆపి పెట్టండి. చాలా కనెక్షన్లలో కొత్త ఐపీ వస్తుంది. రాకపోతే కంపెనీకి ఫోన్ చేసి మార్చమనండి.

ఇల్లు దొరికేది ఐపీతో కన్నా మీరే పెట్టిన ఆనవాళ్ళతో: ఒకే యూజర్‌నేమ్ అన్నిచోట్లా, కాలేజీ పేరున్న బయో, ఫోన్ నంబర్‌తో ఉన్న పాత టోర్నమెంట్ పోస్టర్. ఇవి తీసేయండి.

మ్యాచ్ అయ్యాక స్టీమ్‌లో (గేమ్‌ల స్టోర్), డిస్కార్డ్‌లో (చాట్ యాప్) ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపుతున్నారు. ఒప్పుకోవాలా?

గొడవైన మ్యాచ్ తర్వాత వచ్చే రిక్వెస్ట్ దాదాపుగా తిట్టడానికే. స్టీమ్ ప్రొఫైల్ ఎడిట్ చేసే చోట ప్రైవసీలో కామెంట్లు ఫ్రెండ్స్‌కు మాత్రమే అని పెట్టండి, ఇన్వెంటరీ కూడా ప్రైవేట్ చేయండి. డిస్కార్డ్‌లో సర్వర్ సభ్యుల నుంచి నేరుగా మెసేజ్‌లు రాకుండా ఆపే స్విచ్ ఉంది.

ఒక మోసం గురించి మాత్రం గట్టిగా హెచ్చరిస్తున్నాం. “సారీ బ్రో, పొరపాటున నీ అకౌంట్‌ను స్కామర్ అని రిపోర్ట్ చేశా, బ్యాన్ పడుతుంది, ఈ స్టీమ్ అడ్మిన్‌తో డిస్కార్డ్‌లో మాట్లాడు” అని వస్తారు. ఆ అడ్మిన్ దొంగ. స్టీమ్ నడిపే వాల్వ్ ఉద్యోగులు డిస్కార్డ్‌లో ఎవరినీ సంప్రదించరు. కోడ్ చెప్పమన్నా, స్కిన్స్ (గన్‌ల మీది అలంకరణలు) “వెరిఫై” చేయడానికి పంపమన్నా అక్కడే బ్లాక్ చేయండి.

ఆధారాలు ఎలా దాచాలి?

విండోస్‌లో గేమ్ బార్ ఉంటే విండోస్, ఆల్ట్, జి కీలు కలిపి నొక్కగానే గడిచిన 30 సెకన్లు సేవ్ అవుతాయి. ముందుగా సెట్టింగ్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ రికార్డింగ్ ఆన్ చేసి ఉండాలి. అది చేయకుండా తీరా అవసరమైనప్పుడు నొక్కి ఏమీ దొరకలేదనేవాళ్ళే ఎక్కువ. ఎన్విడియా కార్డ్ ఉంటే ఇన్‌స్టంట్ రీప్లే ఆన్ చేసుకుని ఆల్ట్, ఎఫ్10. ఒకసారి ఉత్తుత్తిగా రికార్డ్ చేసి టీమ్ వాయిస్ వినిపిస్తోందో లేదో సరిచూసుకోండి.

డిస్కార్డ్‌లో స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. యాప్‌లోనే ఆ మెసేజ్‌ను రిపోర్ట్ చేయాలి, అప్పటిదాకా దాన్ని డిలీట్ చేయొద్దు. యూజర్‌నేమ్ మారిపోతుంది కాబట్టి డెవలపర్ మోడ్ ఆన్ చేసి, పేరు మీద రైట్ క్లిక్ చేసి, యూజర్ ఐడీ కాపీ చేసుకోండి. ఆ నంబర్ మారదు. స్టీమ్‌లోనూ అంతే: ప్రొఫైల్ పేరు ఎన్నిసార్లు మార్చినా స్టీమ్ ఐడీ అదే ఉంటుంది.

పోలీసులకు ఎప్పుడు చెప్పాలి?

ఒక మ్యాచ్‌లో బూతులు తిట్టడానికి కాదు. ఐటీ చట్టంలో దానికి వాడిన 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. కానీ చంపుతామనో కొడతామనో బెదిరిస్తే, వద్దన్నా మ్యాచ్ బయట వెంటపడితే, ఫోటోలు మార్ఫ్ చేస్తామంటే, డబ్బు అడిగితే, వేధింపు పడుతున్నది పిల్లలైతే ఆలస్యం చేయొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 351 నేరపూరిత బెదిరింపు, 78 వెంటపడటం, 79 మహిళ గౌరవాన్ని కించపరిచే మాటలు, చేష్టలు. అశ్లీల చిత్రాలకు ఐటీ చట్టం 67, 67ఎ. కులం పేరుతో అవమానిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించే వీలుంది, లాయర్‌ను కలవండి.

ఫిర్యాదు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇవ్వొచ్చు. మహిళలు, పిల్లలపై నేరాలకు అందులో విడిగా విభాగం ఉంది. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి. తెలంగాణలో షీ టీమ్స్ ఆన్‌లైన్ వేధింపులు కూడా చూస్తాయి. “అది మా స్టేషన్ పరిధి కాదు” అంటే, పరిధితో పని లేకుండా ఎఫ్ఐఆర్ తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోందని గుర్తుచేయండి.

మా అబ్బాయికి పన్నెండేళ్ళు. గేమ్‌లో ఎవరో తిడుతున్నారని చెప్పాడు.

చెప్పినందుకు ఫోన్ లాక్కోవద్దు. ఒకసారి లాక్కుంటే రెండోసారి మీకు చెప్పడు, అసలు ప్రమాదం అక్కడుంది. వాడి పక్కన కూర్చుని స్పీకర్, మైక్ ఆఫ్ చేయడం, బ్లాక్, రిపోర్ట్ చేయడం వాడి చేతే చేయించండి. “వాట్సాప్‌కు రా”, “ఫోటో పంపు”, “స్కిన్ కొనిస్తా” అని ఎవరైనా అంటే అది ఎవరైనా సరే మీకు చూపించాలని ముందే చెప్పి ఉంచండి. అలాంటిది జరిగి ఉంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. నిద్ర పట్టకపోవడం, బడికి వెళ్ళనని మొండికేయడం కనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాకే కోపం ఆగడం లేదు. స్కోర్ పడిపోయింది. ఎలా బాగుచేసుకోవాలి?

వరుసగా రెండు ఓడితే ఆ రోజుకు ర్యాంకెడ్ ఆపేయండి. టిల్ట్‌లో (ఓటమి చిరాకులో) ఆడే మూడో మ్యాచ్‌లోనే ఎక్కువమంది నోరు జారతారు. డెత్‌మ్యాచ్ ఆడండి, లేదా లేచి వెళ్ళండి. చచ్చిన వెంటనే చేయి మైక్ కీ మీదకు వెళ్ళే అలవాటుంటే, పుష్-టు-టాక్ కీని కొంచెం దూరంలో ఉన్న బటన్‌కు మార్చండి. ఆ అరసెకను ఆలస్యంలోనే చాలా మాటలు ఆగిపోతాయి.

డోటా 2లో బిహేవియర్ స్కోర్, కమ్యూనికేషన్ స్కోర్ విడివిడిగా ఉంటాయి, రెండింటికీ గరిష్ఠం 12,000. మాటల వల్ల పడింది ఒకటి, మ్యాచ్ వదిలేయడం, ఆట చెడగొట్టడం వల్ల పడింది ఇంకొకటి. ఏది పడిందో చూసి దాన్నే సరిచేసుకోండి. లో ప్రయారిటీలో (శిక్షగా వేసే వేరే క్యూలో) పడితే మ్యాచ్‌లు ఆడితే చాలదు, గెలవాలి. అక్కడ మీతో ఉండేవాళ్ళు కూడా అలాగే వచ్చినవాళ్ళు కాబట్టి, మొదటి నిమిషం నుంచే చాట్ మూసేసి, ఒంటరిగా గేమ్ మోయగల హీరోను తీసుకోండి.

టాక్సిక్‌గా ఉండేది మా ఫ్రెండే. రోజూ కలిసి ఆడే ఐదుగురిలో ఒకడు.

మ్యాచ్ మధ్యలో చెప్పొద్దు, అందరి ముందూ చెప్పొద్దు. మర్నాడు విడిగా ఫోన్ చేసి, జరిగిన ఒక్క సంఘటన మాత్రమే చెప్పండి: “నిన్న అసెంట్ మ్యాప్‌లో ఆ రాండమ్ పిల్లాడిని అంత తిట్టాక మన కాల్స్ కూడా ఆగిపోయాయి రా, 9-5 నుంచి ఓడిపోయాం.” నీ స్వభావమే అంత అన్నారంటే వాదన మొదలవుతుంది, ఆట గురించి చెబితే వింటాడు. మారకపోతే అతనితో అన్‌రేటెడ్ ఆడండి, ర్యాంకెడ్‌కు పిలవకండి. ఎందుకు పిలవడం లేదని అడిగితే అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి.